దీనమ్మ బియ్యం

ఈ కథలో ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో. మా నాయనమ్మ చెప్పినప్పుడు వరుస సరిగ్గానే ఉండేది. నా దగ్గరికి వచ్చేసరికి కొన్ని పూసలు జారాయి. అన్నీ జారిపోకముందే రాసిపెడుతున్నాను.

ఓడ ఎక్కిన మనిషి తిరిగొస్తే వింత, రాకపోతే మామూలు అనుకునే కాలం అది. సముద్రం అవతల చెరకుతోటల దీవి ఒకటి ఉండేది. మన వైపు కూలీలు ఓడల్లో అక్కడికి పోయేవాళ్ళు. వాళ్ళ మధ్య దేవుని పనికి మనిషిని పంపాలని మా పేట సంఘం అనుకుంది. మొదట ఒక పాస్టరుని అడిగారు. ఆయన సముద్రం అంటే భయమన్నాడు. తర్వాత బడి పంతులుని అడిగారు. ఆయన పిల్లలు చిన్నవాళ్ళన్నాడు. మూడోసారి ఎవరినీ అడగలేదు. ఏలీయా, దీనమ్మ అనే ముసలి దంపతులు వాళ్ళంతట వాళ్ళే లేచి నిలబడ్డారు.

ఏలీయాకి అరవై దాటాయి. దీనమ్మకి చదువు లేదు, పిల్లలు లేరు, పైగా మోకాళ్ళ నొప్పులు. ఈ వయసులో అంత దూరం ఎందుకమ్మా అని ఆడవాళ్ళు అడిగితే, "మోకాళ్ళు ఇక్కడా నొస్తాయి, అక్కడా నొస్తాయి" అందట. మూడేళ్ళు ఉండి రమ్మని సంఘం పంపింది.

దీవిలో వాళ్ళ రోజు ఎలా గడిచేదో మా నాయనమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది. పొద్దున్నే ఏలీయా తాటాకుల ప్రార్థన పాక ఊడ్చేవాడు. దీనమ్మ పొయ్యి వెలిగించి, ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. మన సంఘాల్లో ఆడవాళ్ళు దేవుడి పేర తీసే బియ్యమే అది. మధ్యాహ్నం ఏలీయా కూలీలకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పొద్దు వాలి కూలీలు పని దిగాక ఇద్దరూ లైన్ల వెంట నడిచేవాళ్ళు. లైన్లంటే కూలీలుండే పొడుగాటి రేకుల కొట్టాలు. ఆమె ముందు, ఆయన వెనక. ప్రతి గుమ్మం తట్టేవాళ్ళు.

ఏలీయా ప్రసంగం మొదలెడితే బండి ఎద్దులు కూడా పడుకుంటాయని కూలీలు నవ్వుకునేవాళ్ళు. ఆ మాట ఆయనకూ తెలుసు. ఎద్దులకైనా విశ్రాంతి దొరికింది కదా అనేవాడు. దీనమ్మ ప్రసంగం చెప్పేది కాదు. మూడే మూడు మాటలు అడిగేది.

"నీ పేరేంటి నాయనా? మీ ఊరేది? నీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?"

ఆ తోటలో పేర్లతో పనిలేదు. ఒక్కొక్క కూలీ మెడలో నంబరు వేసిన రేకు బిళ్ళ ఉండేది. బత్తెం ఇచ్చినా బిళ్ళ చూసే, కొరడా తీసినా బిళ్ళ చూసే. చచ్చిపోతే ఆ నంబరే చదివి పూడ్చేవాళ్ళు. దీనమ్మ వెళ్ళాక అది మారింది. ఎవరు పోయినా ఆమె లైన్లలో అడిగి, పేరూ ఊరూ చెప్పి, ఏలీయా చేత ప్రార్థన చేయించేది. తర్వాత ఇంటికి ఉత్తరం రాయించేది. ఎవరి పేరూ ఆమె మర్చిపోలేదు. అయినా ప్రతిసారీ అడిగేది. "తెలిసినా అడగాలి" అనేది.

మూడో ఏడు నిండొచ్చింది. సంఘం ఇద్దరికీ ఓడ చీట్లు పంపింది. దీనమ్మ చింతపండు మాట, గోంగూర మాట ఎత్తడం మొదలుపెట్టింది.

అప్పుడు వానలు పట్టాయి. దీనమ్మకి జ్వరం తగిలి వారం రోజులు గుమ్మం దాటలేదు. ఆ వారంలోనే వాగు పొంగి ఒక కూలీ కొట్టుకుపోయాడు. మూడో నాడు దొరికాడు. మొహం గుర్తుపట్టే వీల్లేదు. మేస్త్రీ బిళ్ళ చూసి నంబరు చెప్పాడు. అది గవిరయ్య నంబరు. ఊరికి పోయే ఓడ ఆ సాయంత్రమే బయలుదేరుతుంది. ఏలీయా తడుస్తూ వచ్చి, గవిరయ్య కోసం ఎదురుచూసేది ఎవరని దీనమ్మని అడిగాడు. తాటివలస, పెళ్ళాం నూకాలు అని ఆమె పడుకునే చెప్పింది. లేచి లైన్లకి పోలేదు. ఒక్క గుమ్మం కూడా తట్టలేదు. ఏలీయా గవిరయ్య పేరు చెప్పి ప్రార్థన చేసి పూడ్పించి, ఉత్తరం రాశాడు. ఓడ వెళ్ళిపోయింది.

ఓడ వెళ్ళిన నాలుగో రోజు గవిరయ్య కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

చెరకు కత్తి కాలికి దిగితే అతన్ని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారట. తన బత్తెం తెచ్చిపెట్టమని గదిలో ఉండే పోలయ్యకి బిళ్ళ ఇచ్చి వెళ్ళాడు. పోలయ్య దాన్ని మెడలో వేసుకునే వాగు దాటబోయాడు. పోయినవాడు పోలయ్య.

దీనమ్మ పడక మీంచి లేచింది. తర్వాత కర్ర తీసుకుని శ్మశానానికి నడిచింది. ఆ మట్టి దగ్గర నిలబడి, తోడు వచ్చినవాళ్ళని మూడు మాటలూ అడిగింది. పేరు పోలయ్య అన్నారు. ఊరు జిల్లేడుపాలెం అన్నారు. ఎదురుచూసేది తల్లి ఎర్రమ్మ అన్నారు. ఆ పేర్లతో ఏలీయా మళ్ళీ ప్రార్థన చేశాడు.

పాకకి వచ్చాక ఆయన ఇంకో ఉత్తరం రాయడానికి కాగితం తీశాడు. దీనమ్మ ఆ కాగితం పక్కన పెట్టింది.

"ఉత్తరం వెళ్ళి బతికున్నవాణ్ణి చంపింది. ఇంకో ఉత్తరం వెళ్ళి బతికున్నాడంటే ఎవరు నమ్ముతారండీ? గవిరయ్యే వెళ్ళి గుమ్మంలో నిలబడాలి. నా చీటీ మీద వెళ్తాడు."

కాలు పాడైన కూలీతో పనిలేదని తోట దొర అతన్ని వదిలేశాడు. మరి పోలయ్య తల్లికి గవిరయ్యే చెప్తాడులే అన్నాడు ఏలీయా. దీనమ్మ ఒప్పుకోలేదు.

"బతికొచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి, నీ కొడుకు పోయాడని అతని చేతే చెప్పిస్తామా? రాసింది మీ చెయ్యి, చెప్పింది నా నోరు. నా చీటీ అతనికిచ్చాక నేను ఓడ ఎక్కలేను. మీరు వెళ్ళాలి."

"నువ్వొక్కదానివీ ఎలా ఉంటావు?"

"లైన్ల నిండా మనుషులున్నారు. మీరు చెప్పి రండి. ఎదురుచూస్తుంటాను."

నలభై ఏళ్ళలో వాళ్ళు ఒక్క రోజు కూడా విడిగా ఉండలేదని మా నాయనమ్మ ఇక్కడ తప్పకుండా చెప్పేది.

గవిరయ్య తాటివలస చేరేసరికి నూకాలు బోసి చేతులతో వాకిట్లో చేటలో చోళ్ళు చెరుగుతోంది. తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. "గాజులు తెచ్చినావా, ఉత్త చేతుల్తో వచ్చినావా?" అంది. అప్పుడు చేట జారిపడింది.

జిల్లేడుపాలెంలో ఏలీయా ఎర్రమ్మ గుమ్మంలో నిలబడి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆ తల్లి ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"మా వోడి పేరు చెప్పే పూడ్చినారా?"

"మొదట చెప్పలేదమ్మా. వేరే పేరు చెప్పాం. తప్పు మాది. తర్వాత మా ఆవిడ ఆ మట్టి దగ్గరికెళ్ళి నీ కొడుకు పేరు చెప్పింది. నీ పేరు కూడా చెప్పింది."

"అయితే సరే. కూకో. అన్నం తిన్నావా?" అంది ఎర్రమ్మ. అప్పుడు ఏడ్చింది ఏలీయా అట.

ఆయన మళ్ళీ ఓడ ఎక్కి దీవి చేరేసరికి ఏడాది అయింది. ఒడ్డున ముగ్గురు కూలీలు నిలబడి ఉన్నారు. వచ్చే ప్రతి ఓడకీ వాళ్ళు అలాగే వచ్చి నిలబడుతున్నారట. వాళ్ళ చేతిలో చిన్న బియ్యం మూట ఉంది. ఆ మూట చూడగానే ఏలీయాకి అర్థమైంది.

దీనమ్మ పోయిన రోజు లైన్లన్నీ కదిలాయి. మట్టి వెయ్యబోయే ముందు ఎవరో ఆమె మూడు మాటలూ అడిగారు. పేరేంటి? దీనమ్మ అన్నారు. ఊరేది? మా పేట పేరు చెప్పారు. నీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? అందరూ ఆగిపోయారు. ఆ ముసలితల్లికి పిల్లలు లేరని అందరికీ తెలుసు. అప్పుడు వెనక నుంచి ఒక ఆడకూలీ అంది: "ఎదురుచూసింది ఆవిడే గదా. అయ్య ఓడలో ఉన్నాడు. ఆవిడ బదులు మనం చూద్దాం."

ఆ మూటలోవి దీనమ్మ కుండలో మిగిలిన పిడికిళ్ళు. చావు జరిగి పొయ్యి వెలగని ఇంటికి వండిపెట్టడానికి తెచ్చారు. ఏలీయా ఇక మా పేటకి తిరిగి రాలేదు. పోయేవరకూ సాయంత్రాలు ఆ గుమ్మాలు తట్టి, ఆ మూడు మాటలే అడిగాడు. ప్రసంగాలు మానేశాడట. కూలి ఒప్పందం గడువు తీరి ఊరికి వచ్చిన కూలీలు మా పేట వెతుక్కుంటూ వచ్చి, ఇదంతా నోటితోనే చెప్పారు.

ఇప్పటికీ మా పేటలో చావు కబురు ఫోనులో చెప్పరు. ఎంత దూరమైనా ముగ్గురు మనుషులు వెళ్ళి గుమ్మంలో నిలబడతారు. చేతిలో ఇంటింటికీ పిడికెడు తీసిన బియ్యం ఉంటుంది. దాన్ని దీనమ్మ బియ్యం అంటారు. మట్టి వేసే ముందు పెద్దవాళ్ళు మూడు మాటలూ అడుగుతారు. అందరికీ తెలిసిన మనిషైనా సరే, అడుగుతారు.

సువార్తా, నువ్వు నా తమ్ముడి కూతురివి, నాయనమ్మ ఈ పేర్లు రాయించిపెట్టుకున్న కాగితాలు మీ ఇంట్లోనే ఉన్నాయి. పేర్లు ఒకసారి సరిచూడమ్మా. గవిరయ్య పెళ్ళాం నూకాలు. పోలయ్య తల్లి ఎర్రమ్మ. నాకు బాగానే గుర్తుంది. అయినా అడుగుతున్నాను.