చెల్లెలి ఒంట్లో దూరిన మాంత్రికుడు

వినండర్రా పిల్లలూ! వెనకటికి కుంభగిరి కోటలో ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కతే కూతురు హేమరేఖ.

పదిహేడో ఏట హేమరేఖ మెడ పక్కన గడ్డ లేచింది. నొప్పి లేదు గానీ రోజూ జ్వరం, ఒళ్లంతా చెమట. పిల్ల చిక్కి సగమైంది. పెద్దన్న తూర్పుదేశం వైద్యుణ్ణి తెచ్చాడు, తగ్గలేదు. నడిపన్న పడమటి అడవి మూలిక తెచ్చాడు, తగ్గలేదు. చిన్నన్న వీరకేతుడు మాత్రం చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

మంచం కోడు మీద పాకుతున్న గండుచీమ తలెత్తి మాట్లాడింది.

"బాబూ, చిన్నప్పుడు పాపకు గొంతునొప్పి వచ్చి తగ్గింది చూడు, అప్పుడే క్రూరదంతుడనే మాంత్రికుడు నలుసంతై లోపల దూరాడు. ఇన్నాళ్లూ నక్కి ఉండి ఇప్పుడు లేచాడు. నేను తెచ్చిన ఈ ఆకు నమిలి నా వీపెక్కు, పోదాం."

"అన్నయ్యా, భయంగా లేదూ?" అంది హేమరేఖ.

"నీ దగ్గరికేగా తల్లీ వెళ్లేది, భయమెందుకు?"

ఆకు నమలగానే వీరకేతుడు ఆవగింజంతయ్యాడు. చీమ వీపు మీద చెల్లెలి నోట్లోంచి ఒంట్లోకి దూరి, ఏడు ఎర్రటి నెత్తుటి నదులు దాటి గడ్డ దగ్గరికి చేరాడు. అక్కడ వేలమంది సైనికులు! అందరూ చెల్లెలి ఒంటిని కాపాడే కావలివాళ్లలాగే ఉన్నారు. మాంత్రికుడు ఆ కావలివాళ్లలోనే కొందరిలో దూరి, వాళ్లను వేలకు వేలు చేశాడు.

ఆ ఒంట్లోని కావలివాళ్లకు ఒక కట్టడి ఉంది. ఎవరి లోపల ఏముందో వాళ్ల మెడలోని పలక మీద కనబడాలి. మాంత్రికుడు దూరిన ఈ దొంగ కావలివాళ్లు పలకలను చొక్కాల కింద దాచేశారు. ఎవరైనా కావలివాడు అనుమానపడి దగ్గరికొస్తే, చెంప నిమిరి, "మనవాళ్లమే నాయనా, అలిసిపోయావు, పడుకో" అనేవారు. పాపం, వాడు అక్కడికక్కడే నిద్రలోకి జారిపోయేవాడు.

వీరకేతుడు కత్తి దూశాడు.

"ఆగు బాబూ! నువ్వు ఒకణ్ణి నరికేలోపు వందమంది పుడతారు. నిద్రపోయిన అసలు కావలివాళ్లను లేపు" అంది చీమ.

అంతలో ఒక ముసలి కావలివాడు అటు వచ్చాడు. ఒక దొంగ అతని చెంప మీదికి చెయ్యి చాచాడు. వీరకేతుడు చప్పున తన అరచేయి అడ్డం పెట్టాడు. చెయ్యి నిప్పులో పెట్టినట్టు కాలింది. అయినా తియ్యలేదు.

"తాతా, వాడి పలక చూడు!"

ముసలాయన చొక్కా తొలగించాడు. పలక మీద కోరలతో క్రూరదంతుడి మొహం!

"అమ్మ దొంగా! ఇన్నాళ్లూ నీ పక్కనే కాపలా కాశానే!" అని ఈటె ఎత్తి, బూర ఊదాడు. నిద్రపోయినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒకరి చెంపకు ఒకరు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ మూడు రోజులు పోరాడారు. మూడో రోజు సాయంత్రానికి దొంగలందరూ కూలారు, వాళ్లతోపాటే మాంత్రికుడూ చచ్చాడు.

వీరకేతుడు బయటికొచ్చి మామూలు మనిషి అయ్యేసరికి హేమరేఖ లేచి కూర్చుంది.

"ఆకలేస్తోంది నాన్నగారూ" అంది.

రాజుగారు పరుగున వెళ్లి, తనే పెరుగన్నం కలిపి తెచ్చి, కళ్ల నీళ్లు కారుతుండగా ముద్ద పెట్టారు.

మరుసటి ఏడు మంచి సంబంధాలు చూసి వీరకేతుడికీ హేమరేఖకూ ఒకే పందిట్లో పెళ్లిళ్లు చేశారు. రాజ్యం ఇద్దరికీ చెరిసగం. నిండా అరవై ఏళ్లు చల్లగా ఏలారు. వాళ్లక్కడ హాయిగా ఉన్నారు, మనమిక్కడ హాయిగా ఉన్నాం. ఇక లేచి పాలు తాగండర్రా!