నెమ్మదమ్మ పిడికెడు బియ్యం

తూర్పు కనుమలు సముద్రం వైపు దిగివచ్చి, ఇక చాలనుకుని ఆగిపోయినచోట నెమ్మదమ్మ మెట్ట ఉంది. ఉదయం మంచు కమ్మినప్పుడు మెట్ట కనబడదు. గుడి ఒక్కటే గాలిలో తేలుతూ ఉంటుంది. బస్సు దిగి పరుగున వచ్చే భక్తులు సైతం ఆ మంచులో అడుగు చూసుకుని వేయక తప్పదు. గర్భగుడిలో అమ్మవారు పీఠం మీద కాక నేలమీదే, ఒడిలో చేట పెట్టుకుని దర్శనమిస్తుంది.

పూర్వం ఇక్కడ అచ్చియ్యమ్మ అనే మంత్రసాని ఉండేది. ఏడు పల్లెల బిడ్డలు ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. ఒక వానాకాలం, ఒక పురిట్లో బిడ్డ దక్కలేదు. తప్పు ఆమెది కాదని అందరూ అన్నారు. ఆమె చేతులు మాత్రం నమ్మలేదు. ఆనాటి నుంచి అవి వణకసాగాయి. చెంబు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. ఇంతలో ఒక్కగానొక్క కూతురు బంగారి నెలలు నిండి పుట్టింటికి వచ్చింది. దగ్గర్లో మరో మంత్రసాని లేదు. ఆ చేతులతో కూతురికి పురుడు పోయడమెలాగని తల్లి గుండె చెరువైంది.

ఒక మధ్యాహ్నం కట్టెలకని మెట్ట ఎక్కి, అలసి చెట్టు నీడన ఒరిగింది. కలలో ఎండంతా మంచైపోయింది. ఆ మంచులో ఒక ముసలమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుని ఉంది.

"రా, కూకో. ఈ బియ్యంలో రాళ్లేరు."

"నాను కూకోలేనమ్మా. సేతులు సూడు, ఎలా ఒణుకుతున్నాయో! ఏదైనా మంత్రం సెప్పు."

ముసలమ్మ నవ్వింది. "ఒణికితే ఒణకనీ. నువ్వు ఒక రాయి తియ్యి. అది పక్కన పెట్టినాక రెండోది తియ్యి. రోజుకి పిడికెడు."

మెలకువ వచ్చేసరికి ఎండ ఎండగానే ఉంది. అచ్చియ్యమ్మ వేళ్ల మధ్య మాత్రం ఒక చిన్న రాయి ఉంది.

పురిటి కబురు వస్తే ముందున్న కంచం వదిలి పరుగెత్తే మనిషికి నిదానం ఎక్కడిది? పిడికెడుతో మేలైతే గంపెడుతో ఇంకెంత మేలో అనుకుంది. పొద్దుగూకేదాకా గంపెడూ ఏరి పారేసింది. చూపు మసకబారింది, నడుం పట్టేసింది, వణుకు రెట్టింపైంది. మర్నాడు సిగ్గుపడి పిడికెడే తీసుకుని నేలమీద కూర్చుంది. అరికాలికి మట్టి చల్లదనం, వేలికి గింజ నునుపు, వచ్చిపోయే ఊపిరి తప్ప ఆ కాసేపు ఆమెకు మరేమీ లేదు. ఆపైన ఒక్కరోజు కూడా మానలేదు. వణుకు మెల్లగా తగ్గుతూ వచ్చింది.

ఒకనాటి ఉదయం బంగారికి నొప్పులొచ్చాయి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని చెయ్యి పెట్టి చూడగానే తెలిసింది. వణుకు తిరిగి వచ్చింది. అచ్చియ్యమ్మ గడప దగ్గర కూలబడి బియ్యం తెమ్మంది. పురుడు చూడవచ్చిన బంగారి అత్తగారు మండిపడింది.

"లోపల పిల్ల పేణం పోతంటే బియ్యం ఏరుతావేటి వొదినా? మతి పోనాదా?"

"పోకుండా ఉండడానికే వొదినా," అంది అచ్చియ్యమ్మ.

కన్నీళ్లు రాలుతూనే ఉన్నాయి. ఒక రాయి తీసింది. రెండోది తీసింది. మూడోది తీసేసరికి వేళ్లు కుదురుకున్నాయి. లోపలికి వెళ్లి, తొందరపడి లాగకుండా, నొప్పి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా బిడ్డను రానిచ్చింది. ఆడపిల్ల. కేరుమంది. మనవరాలిని తల్లి పక్కన పడుకోబెట్టాక ఆ చేతులు మళ్లీ వణికాయి. అచ్చియ్యమ్మ వాటిని వణకనిచ్చింది.

పురుడు తీరాక ఆమె మొక్కుకోవడానికి మెట్ట ఎక్కితే, కల వచ్చినచోట మట్టిలోంచి ఈ అమ్మవారు సగం పైకి వచ్చి ఉందట.

నేటికీ ఇక్కడ ఎవరూ నేరుగా దర్శనానికి వెళ్లరు. పరీక్ష రాయబోయే పిల్లలు, ఆసుపత్రిలో మనిషిని వదిలి వచ్చినవారు, ఉద్యోగం పోయినవారు, అందరూ సెల్‌ఫోన్ సంచిలో వేసి, వసారాలో నేలమీద కూర్చుని పిడికెడు బియ్యం ఏరుతారు. ఇంటికి వెళ్లాక కూడా రోజూ ఆ కాసేపు తమకోసం ఉంచుకుంటారు. కష్టం తీరుతుందని ఇక్కడ ఎవరూ మాట ఇవ్వరు. దాని ముందు నిలబడే ఓపిక వస్తుందని మాత్రం వచ్చినవారే చెబుతారు. మీకంటే ముందు వచ్చినవారు ఏరిన బియ్యంతో వండిందే మీకు ప్రసాదం. మీరు ఏరినవి మీ వెనుక వచ్చేవారికి. వణికే చేతులు ఏరినవి కనుక ఎప్పుడైనా పంటికింద రాయి పడవచ్చు. పడితే ఉమ్మేసి, మిగతాది నెమ్మదిగా తినమని అమ్మవారి ఆజ్ఞ.