ముడుచుకునే అలుగు, ఆటలో లేని సింహం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక సెల్ టవరు. అడవిలో టవరేమిటని నన్నడక్కండి. వేశారు. సిగ్నల్ కూడా బాగానే వస్తుంది. దాంతో జంతువులన్నీ ఫోన్లు పట్టుకుని ఆటలాడుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఆటలన్నీ దొరికే చోటు పేరు ఆటలంగడి. అంగడంటే ఫోన్లోనే లెండి. వేలితో ఇలా పైకి తోస్తుంటే ఆటల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నచ్చిన బొమ్మ మీద నొక్కితే ఆ ఆట గురించి నాలుగు ముక్కలు కనబడతాయి. అవీ నచ్చితే డౌన్‌లోడ్ చేసుకోవడమే.

ఆ అడవిలో పెంకమ్మ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. చీమల్ని తింటుంది. భయమేస్తే బంతిలా ముడుచుకుంటుంది. మన పెంకమ్మకి భయం కాస్త ఎక్కువే. ఉరిమితే ముడుచుకునేది. ఎవరైనా గట్టిగా పిలిచినా ముడుచుకునేది. ఒక పెళ్లిలో ఫోటో తీస్తామంటే ముడుచుకుంది. ఆ ఫోటో చూసినవాళ్లంతా పెళ్లివారి మధ్యలో పనసకాయ ఎందుకు పెట్టారని అడిగారు. "ముడుచుకుపోయే పెంకమ్మ" అని అడవంతా వెక్కిరించేది. పెంకమ్మకి అది చాలా బాధగా ఉండేది.

అలాంటి పెంకమ్మ చలికాలమంతా ఇంట్లో కూర్చుని, ఎవరికీ చెప్పకుండా ఒక ఆట తయారుచేసింది. బొమ్మలు తనే గీసింది. చప్పుళ్లు తనే నోటితో చేసింది. ఆటలో ఒక అలుగు కొండ దిగుతూ ఇప్పపువ్వులు ఏరుకుంటుంది. పైనుంచి రాయి దొర్లుకుంటూ వస్తే వేలు నొక్కి పెట్టాలి. అలుగు ముడుచుకుంటుంది, రాయి దాని మీంచి పోతుంది. వేలు తీస్తే లేచి మళ్లీ నడుస్తుంది. అంతే ఆట.

ఆటలంగడి నడిపేది బక్కయ్య అనే కొంగ. పెంకమ్మ ఆట పట్టుకుని వెళ్తే, ఒంటికాలి మీద నిలబడే విన్నాడు.

"పెడతాను గానీ అమ్మాయ్, వానలు మొదలయ్యేలోపు ఇది నలుగురి ఫోన్లలో నిలవాలి. డౌన్‌లోడ్ చేసుకుని వెంటనే తీసేస్తే అది లెక్కలోకి రాదు. నిలవకపోతే అంగడిలోంచి తీసేస్తాను, మళ్లీ పెట్టనివ్వను. నాకు నీ మీద కోపమేం ఉండదు" అన్నాడు.

"సరే బాబాయ్" అంది పెంకమ్మ. ముడుచుకోవాలనిపించింది గానీ ఓర్చుకుంది.

ఇంటికొచ్చి అంగడిలో పెట్టడానికి బొమ్మ గీసింది. చలికాలమంతా పడ్డ కష్టం కదా, ఏదీ వదలబుద్ధి కాలేదు. కొండ గీసింది. ఇప్పచెట్లు గీసింది. రాళ్లు, పువ్వులు, సూర్యుడు, ఆట పేరు, తన పేరు, అడుగున అమ్మానాన్నల పేర్లు. ముడుచుకున్న అలుగుని మాత్రం గీయలేదు. ఇంకా నవ్వుతారని భయం. కింద ఇలా రాసింది: "ఈ ఆటను నేను ఎంతో శ్రమకోర్చి, ఎన్నో ఇబ్బందులెదుర్కొని రూపొందించితిని." అక్కణ్నించి తన చిన్నతనం మొదలయ్యేది.

అంత బొమ్మా అంగడిలో చింతగింజంత అయి కూర్చుంది. ఒక నక్క వేలితో పైకి తోస్తూ తోస్తూ దాని దగ్గర ఆగింది. ఫోను మీద ఏదో మరక పడిందనుకుని తుడిచింది. మరక పోలేదు. ఇంకోసారి తుడిచి ముందుకెళ్లిపోయింది. ఆ వారం మరెవరూ ఆగలేదు.

పెంకమ్మకి దిగులు పట్టుకుంది. నెమలి పింఛాలరావు దగ్గరికి వెళ్లింది. ఆ అడవిలో ఎవరి ఆటకైనా అంగడి బొమ్మ వేసిపెట్టేది ఆయనే.

"నీ బొమ్మలో ఊపు లేదమ్మా. సింహం పెడదాం. సింహం చేతిలో కత్తి పెడదాం. వెనకాల మంటలు పెడదాం" అన్నాడు పింఛాలరావు.

"ఆటలో సింహం లేదండీ."

"ఆటలో ఎందుకు? బొమ్మలో ఉంటే చాలు."

"మంటలు కూడా లేవండీ."

"ఇప్పుడు ఏ ఆటలో ఉన్నాయి చెప్పు?"

పెంకమ్మ తలూపింది. బొమ్మ తయారైంది. కింద "అడవిని గడగడలాడించే మహాసంగ్రామం" అని పింఛాలరావే రాసిచ్చాడు.

ఒక్కరోజులో అడవిలో సగం ఆ ఆట డౌన్‌లోడ్ చేసుకుంది. పెంకమ్మ ఆనందం పట్టలేక ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. మర్నాటికి దాదాపు అందరూ తీసేశారు. తీసేసి ఊరుకుంటారా, కింద తలో మాటా రాసి మరీ పోయారు. "సింహం వస్తుందని పొద్దున్నుంచీ చూశాను. పువ్వులేరించారు" అని రాసింది చిరుత. ఐదు నక్షత్రాలకి ఒక్కటే ఇచ్చింది. "కత్తి ఎక్కడ?" అని రాసింది తోడేలు. దానిదీ ఒక్కటే. "ఆట మంచిదే. కానీ నేను కొట్లాటకి సిద్ధపడి వచ్చాను, ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు" అని రాసింది ఎలుగుబంటి. పాపం, రెండిచ్చింది.

అవన్నీ చదివి పెంకమ్మ వాగు ఒడ్డుకు పోయి, ముడుచుకుని పడుకుంది. ఆకాశంలో అప్పటికే మబ్బులు పడుతున్నాయి.

కాసేపటికి రత్తాలమ్మ అనే కొండముచ్చు అటొచ్చింది. పెంకమ్మని రాయనుకుని మీద కూర్చుంది. ఫోను తీసి ఆట మొదలుపెట్టింది. నీళ్లు తాగడానికొచ్చిన దుప్పి సీతాలు పలకరించింది.

"ఏంటి వదినా, ఫోన్లో అంతలా మునిగిపోయావు?"

"ఏదో ఆటలే. పైన సింహం బొమ్మ ఉంటుంది గానీ లోపల సింహం లేదు, పాడూ లేదు. ఒక అలుగు కొండ దిగుతూ పువ్వులేరుకుంటుంది. రాయొస్తే ముడుచుకుంటుంది. మళ్లీ లేచి పోతుంది."

"ముడుచుకోవడం కూడా ఆటేనా?"

"నాకు నచ్చిందే అది. మిగతావాటిలో ఎవరొచ్చినా కొట్టాలి. ఇంట్లో నాకు ఆ గోల చాలదా? ఇందులో కాసేపు ముడుచుకుంటే రాయి దాని దారిన అది పోతుంది. పిల్లలు కునుకు తీసి లేచేలోపు ఒక ఆటైపోతుంది."

"అలాగైతే నాకూ పెట్టు వదినా."

"పెడతాను. ఆ బొమ్మ చూసి దడుచుకోకు మరి."

కింద పెంకమ్మ అంతా విన్నది. విని, మెల్లగా విప్పుకుంది. రత్తాలమ్మ వాగులో పడింది.

"అత్తా, ఇప్పుడు నువ్వన్న మాటలు నేను రాసుకోవచ్చా?" అని అడిగింది పెంకమ్మ.

"నేనేమన్నానే? ముందు నన్ను లేపు" అంది రత్తాలమ్మ.

పెంకమ్మ తిరిగొచ్చేసరికి పింఛాలరావు ఇంకో బొమ్మతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఒక సింహం చాల్లేదమ్మా. రెండు పెట్టాను" అన్నాడు.

"వద్దండీ. ముడుచుకున్న అలుగుని పెడతాను."

"అడవంతా నిన్ను వెక్కిరించేదే దానికి కదా. ఆ బొమ్మే గీసి, అందరికీ కనబడేలా నువ్వే పెట్టుకుంటావా?"

ఆ మాటకి పెంకమ్మ మనసు చివుక్కుమంది. ఆయన అన్నది నిజమే మరి. అయినా, "అవునండీ, పెట్టుకుంటాను" అంది. అన్నాక ముడుచుకుంది. పింఛాలరావు వెళ్లిపోయాక లేచి గీసింది.

ఈసారి పసుపురంగు మీద ఒకే ఒక్క అలుగు. గుండ్రంగా ముడుచుకుని, సందులోంచి ఒక కన్ను పెట్టి చూస్తూ. చింతగింజంత అయినా ఆ కన్ను తెలిసింది. నొక్కితే లోపల కనబడే బొమ్మలు కూడా ఆటలోంచి తీసినవే పెట్టింది. కింద ఇలా రాసింది: "ఒక అలుగు కొండ దిగుతూ పువ్వులేరుకుంటుంది. రాయొస్తే ముడుచుకుంటుంది. మళ్లీ లేచి పోతుంది. పిల్లలు కునుకు తీసి లేచేలోపు ఒక ఆటైపోతుంది. సింహం లేదు."

చిరుత చూసింది, నొక్కకుండా వెళ్లిపోయింది. తిట్టనూ లేదు. కుందేలు నొక్కింది. తాబేలు నొక్కింది. సీతాలు తన తోడికోడళ్లకి చెప్పింది. జనం ఏం విరగబడలేదు, కానీ వచ్చినవాళ్లు వెళ్లలేదు. తొలకరి పడిన రోజున బక్కయ్య తడుచుకుంటూ వచ్చి, "అమ్మాయ్, నీ ఆట తీయడం లేదు" అని చెప్పి, తడుచుకుంటూ పోయాడు.

పెంకమ్మ ఫోను తీసి చూసింది. ఒక కుందేలు పిల్ల ఇలా రాసింది: "నేను కూడా భయమేస్తే ముడుచుకుంటాను. అది తప్పని అందరూ తిడతారు. ఈ ఆటలో అలా ముడుచుకునే గెలిచాను. మా అమ్మకి చూపించాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది."

పెంకమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత గుండ్రంగా ముడుచుకుంది. పట్టరాని సంతోషమొచ్చినా అలుగులు చేసేది అదేనట.

నీతి: నీ దగ్గర ఉన్నదాన్నే, ఉన్నది ఉన్నట్టు, ఇట్టే కనబడేలా చూపించు. లేనిదాన్ని చూసి వచ్చినవాళ్లు ఉన్నదాన్ని కూడా తిట్టి పోతారు.