అప్పలకొండ కంప్యూటరు కాపలా

రాజాంలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ఫోటో స్టూడియో అప్పలకొండకి గట్టి నమ్మకం. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు గనక పాపం తనే అనుకునేవాడు. పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు సన్యాసి ఔనౌననేవారు. ఇంట్లో ముగ్గురే, ముగ్గురూ మేధావులే.

ఊరందరి పెళ్ళి ఫోటోలూ వాళ్ళ కంప్యూటర్లోనే ఉండేవి. దాన్ని దొంగల్నించి కాపాడుకోవడం నేర్పమని, వీధి చివర కంప్యూటరు పాఠాలు చెప్పే కుసుమ టీచర్ని పిలిచారు.

"ముందుగా బలమైన పాస్‌వర్డ్ ఒకటి కొట్టండి," అందావిడ.

అంతే. సన్యాసి చొక్కా చేతులు మడిచి పిడికిలితో ఒక్కటిచ్చాడు. కీబోర్డు మీది అక్షరాలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"ఇంతకంటే బలంగా అంటే రోకలి తేవాలి టీచరమ్మా," అన్నాడు వినయంగా.

టీచరు కొత్త కీబోర్డు తెప్పించి, పాస్‌వర్డ్ దగ్గరుండి పెట్టించింది. "వైరస్ అని ఒకటుంటుంది. అది పట్టిందంటే ఫోటోలన్నీ పాడైపోతాయి. కంప్యూటర్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేసుకోవాలి," అని చెప్పింది. ఎందుకైనా మంచిదని ఫోటోలన్నిటికీ ఒక కాపీ నెట్‌లో దాచి మరీ వెళ్ళింది. వీళ్ళ తెలివి మీద ఆవిడకి అప్పటికే గురి కుదిరింది.

ఇంకేముంది! ఆవిడ గడప దాటగానే పైడితల్లి కంప్యూటర్ని పెరట్లోకి మోయించి, కుంకుడు రసంతో తలంటి, పసుపునీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టింది. వైరస్ సంగతేమో గానీ కంప్యూటరు మాత్రం చచ్చింది.

"తల ఇంకా ఆరలేదేమోనే, కాస్త సాంబ్రాణి పొగ వెయ్యి," అన్నాడు అప్పలకొండ.

సంగతి విని టీచరు తల పట్టుకుంది. "ఇక మిగిలింది నెట్‌లో కాపీ ఒక్కటే. అదీ పోతే ఊరందరి పెళ్ళిళ్ళూ పోయినట్టే. అది తెరవాలంటే పాస్‌వర్డూ కావాలి, మీ ఫోనుకొచ్చే నంబరూ కావాలి. ఆ నంబరు ఎవరడిగినా చెప్పకండి."

అప్పలకొండ గబుక్కున పైడితల్లి చెయ్యి పట్టుకున్నాడు. తన పెళ్ళి కూడా అందులోనే ఉంది మరి!

మర్నాడు ఎవడో ఫోన్ చేశాడు. "సార్, మీ ఖాతా తనిఖీ చేస్తున్నాం. మీకొచ్చిన నంబరు చెప్పండి."

"చచ్చినా చెప్పను!" గర్జించాడు అప్పలకొండ.

"పోనీ మెసేజ్ పెట్టండి సార్."

"అదైతే ఫర్వాలేదు. చెప్పొద్దన్నారు గానీ పంపొద్దనలేదు." పంపేశాడు.

ఆ ఘనకార్యం తనే టీచరుకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆవిడ కెవ్వుమంది. "వాడు దొంగయ్యా! ఇంకా పాస్‌వర్డ్ తెలీదు గనక బతికారు. తక్షణం పాస్‌వర్డ్ మార్చుకోండి!"

"మార్చుకోవాలంట," అన్నాడు అప్పలకొండ ఇంట్లోవాళ్ళతో. "ఎవరితో?"

"పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు మనకెవరు తెలుసు?" అంది పైడితల్లి.

"ఇందాకటి ఫోనాయన ఉన్నాడుగా అన్నా! సార్ సార్ అని ఎంత మర్యాద! పైగా దొంగంట, గట్టి పాస్‌వర్డే ఉంటుంది," అన్నాడు సన్యాసి.

అంతే. అప్పలకొండ ఆ నంబరుకే ఫోన్ కొట్టి, అక్షరం పొల్లుపోకుండా తమ పాస్‌వర్డ్ అప్పజెప్పాడు. కొత్తగా వచ్చిన నంబరు కూడా పంపమంటే పంపాడు. "ఇప్పుడు మీది చెప్పండి బాబూ," అన్నాడు. అటు ఫోను టక్కున తెగింది.

"మరిచిపోయాడేమో పాపం. గుర్తు రాగానే చేస్తాడు," అని ముగ్గురూ ఫోను చుట్టూ చాప వేసుక్కూర్చున్నారు. రాబోయే పాస్‌వర్డ్ పోసుకోవడానికి పైడితల్లి అప్పటికే ఒక సీసా కడిగి బోర్లించింది.