ఉస్తాద్ కుడి చెవి

1968 ఎండాకాలం. కర్నూలులో కమాలుద్దీన్ ఉస్తాద్ రేడియో దుకాణంలో నేను పని నేర్చుకుంటున్నాను. చెవిటి పిల్లల బడివాళ్లు ఒక పెట్టె చేసి ఇమ్మన్నారు. అది ఒకే తీరుగా, నున్నగా శబ్దం పుట్టించాలి. నాబు తిప్పితే ఆ శబ్దం లావు నుంచి సన్నం దాకా పోవాలి. పిల్లల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఎవరికి ఎంత వినపడుతుందో దానితో చూస్తారు.

ఉస్తాద్ సర్క్యూట్ గీసిచ్చి, నన్నే చేయమన్నాడు. అందులో ఒక చిన్న బల్బు ఉంది. అంతా కట్టి కరెంటు ఇస్తే అది వెలగనే లేదు.

"ఇదెందుకు ఉస్తాద్? వెలగదు, మూత పెడితే కనపడదు. దిష్టికి కట్టినామా?"

ఆయన నవ్వాడు. "దాని పని అది చేస్తాంది. ఉండనీరా."

నాకు ఆ జవాబు సరిపోలేదు. ఆయన నమాజుకు పోయినప్పుడు బల్బు పీకి జేబులో వేసుకున్నాను. దాని చోట మామూలు రెసిస్టరు సోల్డరు చేశాను. శబ్దం ఉబ్బబోతే ఆ బల్బు తీగే వేడెక్కి అణిచిపెడుతుందని, అంత చిన్న వేడికి వెలుగు రాదని నాకప్పటికి తెలియదు. ఒక్క స్వరం దగ్గర విన్నాను. బాగానే ఉంది. మూత బిగించేశాను. ఉస్తాద్ కన్నా తక్కువ సామానుతో చేశానని లోపల ఒకటే పొంగు.

మర్నాడు బడి నుంచి టీచరమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఉండమ్మా. ముందు నేను," అని ఉస్తాద్ దాన్ని ఎడమ చెవికి ఆనించుకున్నాడు. "తిప్పరా ఓబులేసూ."

తిప్పాను. సగం దాకా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. ఇంకొంచెం తిప్పేసరికి హెడ్‌ఫోన్‌లోంచి కీచుమని కేక. బల్ల ఇవతలున్న నాకే చెవిలో సూది దిగినట్టయింది. ఉస్తాద్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నా వేళ్లు నాబు మీదే బిగుసుకుపోయాయి. టీచరమ్మే ప్లగ్గు లాగేసింది.

ఆయన చెవి పట్టుకుని లేచాడు. వేళ్ల సందున ఎర్రగా తడి.

"బల్బు ఏమైందిరా?" అని అరిచాడు. కోపంతో కాదు. తన గొంతు తనకే వినపడక.

జేబులోంచి తీసిచ్చాను. ఆయన పెట్టె తన ముందుకు లాక్కున్నాడు. మూత విప్పి, రెసిస్టరు తీసేసి, బల్బు తానే సోల్డరు చేశాడు. ప్లగ్గు పెట్టాడు. హెడ్‌ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుని, ఈసారి కుడి చెవికి ఎత్తాడు.

"వద్దు ఉస్తాద్! నాకియ్యండి, నా చెవికి పెట్టుకుంటా!" ఏడుస్తూ ఆయన మణికట్టు పట్టుకున్నాను.

మెల్లగా విడిపించుకున్నాడు.

"పిల్లల దగ్గరికి పంపేది నేను. తిప్పు."

ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత పెట్టె టీచరమ్మ చేతికిచ్చాడు.

ఆయన ఎడమ చెవికి మళ్లీ వినికిడి రాలేదు.