పొర మీద పెట్టిన పలక

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం గాజువాక వడ్రంగి నీలాచలం మేస్త్రికి చేతకాదు. ఆ పూట చేతిలో ఏ పనుంటే అది అడిగినవాడి చేతిలో పెడతాడు. పాత శిష్యుడు పైడిరాజుకి ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగాడు, కడుపులో మంట అలాంటిది మరి.

“గురువుగారూ, కొత్తగా కొట్టు పెట్టుకున్నానా! పనివాళ్ళ మంచికే కదా, పొద్దస్తమానం నెత్తిన కూర్చుని నేర్పిస్తున్నాను. నిన్న ఈశ్వర్రావు ఉలి అక్కడ పడేసి వెళ్ళిపోయాడు. అలాంటి పనివాడు నాకు మళ్ళీ దొరకడు. నేనేం తక్కువ చేశానండీ?”

మేస్త్రి అటక మీంచి రోజ్‌వుడ్ పొర ఒకటి దించాడు. అట్టముక్కంత మందం కూడా లేదు. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నవాటిలో అదే ఆఖరిది.

“నీ కొట్టు బల్లకిద్దామని ఉంచాను. అంటించుకో. ముందు పనికిరాని పొర తునక మీద చూసుకో.”

పైడిరాజు మనసు సగం చల్లబడింది. మేస్త్రి దగ్గరికి గాలి లాగే యంత్రం కొత్తగా వచ్చింది. జిగురు రాసి పొర పరిచిన బల్లని రబ్బరు సంచిలో పెట్టి గాలి లాగేస్తే, బయటి గాలే అదిమి అంటించేస్తుంది. ఒత్తిడి అంతటా సమంగా పడడానికి పొర మీద ఒక పలక ఉండాలి. గోడకి రెండు ఆనించి ఉన్నాయి. ఒకటి చిత్రిక పట్టిన టేకు, మోయాలంటే నడుం పట్టేస్తుంది. రెండోది సన్‌మైకా అంటించిన పాత చెక్క, అంచులు అరిగి గుండ్రంగా ఉంది. పైడిరాజు ఇంకో ఆలోచన లేకుండా టేకునే ఎత్తుకున్నాడు. పైన కూర్చునేదానికి ఆ మాత్రం బరువుండొద్దూ!

మర్నాడు సంచి విప్పితే టేకు పలక ఊడి రాలేదు. జిగురు పొరలోంచి పైకి ఊరి దాన్ని పట్టేసింది. ఉలితో లేపబోతే పొర పీలికలై పలకతోపాటే వచ్చింది. తునకే అయినా పైడిరాజు ప్రాణం ఉసూరుమంది.

“నొక్కేది గాలిరా నాయనా! పలక బరువుతో దానికేం పని?” అని మేస్త్రి నవ్వి, సన్‌మైకా చెక్కకి జిగురు అంటకుండా మైనం రుద్ది ఇచ్చాడు.

ఈసారి అసలు పొర. తెల్లారి పైడిరాజు ఊపిరి బిగబట్టి చెక్క కింద వేలు పెట్టాడో లేదో, అది లేచి వచ్చేసింది. రోజ్‌వుడ్ మీద ఒక్క గీత లేదు, నల్లటి చారలు మెరిసిపోతున్నాయి. సంబరం పట్టలేక బల్లంతా అరచేత్తో తడిమాడు. తడుముతూ తడుముతూ ఆగిపోయాడు.

“గురువుగారూ, ఒకసారి ఈశ్వర్రావు ఇంటికెళ్ళొస్తానండీ.”

మేస్త్రి టేకు పలకకి అంటుకున్న పీలికలు గోకుతున్నాడు.

“టేకు మంచిది కాదని కాదురా,” అన్నాడు తలెత్తకుండా. “దానికి వదలడం రాదు.”