బాతుల వెనకాల చెంగమ్మ

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, ఈ కథలో పిల్లకి ఊరే లేదు బంగారం. దాని పేరు చెంగమ్మ. వాళ్ళమ్మా నాయనా ఎవరో ఆసామి బాతుల్ని మేపేవాళ్ళు. కోతలైన మళ్ళో నాలుగు గింజలుంటే అక్కడ గుడారం. అవి అయిపోతే ఇంకో మడి, ఇంకో కాలవ గట్టు.

తెల్లారగట్ల మంచులో బాతులు కనపడేవి కావు. సద్దు మాత్రం వినపడేది, నిద్దట్లో ఎవరో గుసగుసలాడినట్టు. చెంగమ్మ చెయ్యి చాపితే వెచ్చటి గుడ్లు తగిలేవి. గుడ్లన్నీ బుట్టల్లోకి, బుట్టలన్నీ ఆసామి ఆటోలోకి. వాళ్ళకని ఒక్కటీ మిగిలేది కాదు.

చెంగమ్మకి ఒక తమ్ముడు, పెంచలయ్య. మూడేళ్ళొచ్చినా నడవడు. ఎప్పుడూ అక్క చంకలోనే. ఊళ్ళు తిరిగే నర్సమ్మ వాడి కాళ్ళు పట్టి చూసింది. "జబ్బేం లేదు. తిండి చాలడం లేదు," అంది.

అప్పుడు చెంగమ్మ వాణ్ణెత్తుకుని దగ్గర్లో ఉన్న ఊరి అంగన్‌వాడీకి పోయింది. లోపల పిల్లలు పప్పన్నం, గుడ్డు తింటున్నారు.

"మీదే ఊరు?" అంది ఆయమ్మ.

"ఊరు లేదక్కా. బాతులు యాడుంటే ఆడే."

"మా ఊరి పిల్లలకే వస్తుంది పాపా," అని ఆయమ్మ తలుపు దగ్గరికేసింది.

ఆ తర్వాత గుడారం ఇంకో ఊరికి మారింది. అక్కడి టీచరమ్మ మంచిదే. ఒక పూట పెట్టింది. "రేపట్నుంచి రావద్దమ్మా, పైవాళ్ళు నన్నడుగుతారు," అంది. ఆ రోజు పెంచలయ్య మూతి కడగనివ్వలేదు. పెదాల మీద పచ్చసొన అట్లాగే ఉంచుకుని నిద్రపోయాడు.

ఆ తర్వాత మూడో ఊరు. ఈసారి చెంగమ్మకి అడగాలంటే సిగ్గేసింది. అంగన్‌వాడీ గోడ నీడన తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, బాతుల్ని పిలిచే పిలుపుతోనే జోకొట్టింది. బా... బా... బా... ఆ పిలుపు మెల్లగా లోపలికి పోయింది. ఒక పిల్ల పళ్ళెం పట్టుకుని బయటికొచ్చి, పెంచలయ్య పక్కన కూర్చుంది. ఇంకొకడొచ్చాడు. కాసేపటికి లోపల పిల్లలెవరూ లేరు.

ఆ అంగన్‌వాడీ వకుళ టీచర్ బయటికొచ్చి చూసింది. "ఎవరు వీడు? ఏ ఊరు?"

"ఇక్కడే కూర్చున్నాడు కదా టీచర్," అంది ఆ పళ్ళెం పిల్ల.

వకుళ టీచర్ లోపలికెళ్ళింది. ఇంకో పళ్ళెం తెచ్చింది.

గుడారం ఎత్తేదాకా రోజూ తెచ్చింది. ఎత్తే రోజున పక్క ఊరి టీచరుకి ఫోన్ చేసింది. "బాతులవాళ్ళొస్తున్నారు. ఒక చిన్నోడున్నాడు, చూసుకో." ఆ టీచరు ఆ పక్క ఊరికి చెప్పింది. అన్ని ఊళ్ళలోనూ తలుపు తియ్యలేదులే నాన్నా. తీసినవే ఎక్కువ.

అట్లా చాలా కాలవలు దాటారు. ఒక సాయంత్రం చెంగమ్మ తమ్ముణ్ణి గట్టు మీద దించి, బాతుల దొడ్డికి చుట్టూ వల కడుతోంది. తిరిగి చూస్తే వాడు లేడు. నీళ్ళ కేసి చూసింది. మడి నీళ్ళ నిండా ఆకాశం ఎర్రగా పడుకునుంది. అందులోంచి బాతులు వరసగా వస్తున్నాయి. వాటి వెనకాల పెంచలయ్య, మోకాళ్ళ దాకా బురదతో, పడుతూ లేస్తూ వస్తున్నాడు.

చెంగమ్మ పరిగెత్తిపోయి ఎత్తుకోలేదు. చేతులు చాపి నిలబడింది, వాడు నడిచొచ్చేదాకా.

కథ కంచికి, కాలవ కడలికి,
బాతులు గూటికి, మనం నిద్దరకి.